పసిపిల్లలకు ఇంట్లో ప్రమాదాలు జరగకుండా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీని దోగాడే వయసు నుంచి అయిదేళ్ల వరకు పిల్లలున్న ఇళ్ల కోసం రాశాము. మన ఇళ్లలో నిజంగా ఉండే నీళ్ల సంపు, పొట్టి పిట్టగోడల డాబా, స్నానాల గదిలో రాడ్ హీటరు, దిండు కింద మాత్రల పొట్లం వంటివాటిని దృష్టిలో పెట్టుకుని ఈ జవాబులు ఇచ్చాము. బిడ్డకు ఊపిరి ఆడకపోయినా, స్పృహ తప్పినా, ఫిట్స్ వస్తున్నా ఇది చదువుతూ కూర్చోవద్దు. ముందు 108కి ఫోన్ చేయండి.

బిడ్డను ఎవరో ఒకరం కనిపెట్టుకునే ఉంటాము. అయినా ఇంట్లో ప్రత్యేకంగా ఏర్పాట్లు చేసుకోవాలా?

చేసుకోవాలి. పొయ్యి మీద పాలు పొంగుతాయి, గ్యాస్ బండ తెచ్చినతను తలుపు తడతాడు, ఫోన్ మోగుతుంది. ఎంత జాగ్రత్తపరులకైనా రోజులో ఇలాంటి అరనిమిషాలు ఎన్నో ఉంటాయి, పసిపిల్లల ప్రమాదాలు చాలావరకు ఆ అరనిమిషాల్లోనే జరుగుతాయి. జరిగాక ఇంటికి వచ్చిన చుట్టాలు "తల్లి ఏం చేస్తున్నట్టు?" అని అడగడం మనకు అలవాటు. నిజానికి ఆ బకెట్‌లో నీళ్లు ఎందుకు నిలవ ఉన్నాయి, ఆ సీసా బిడ్డ చేతికి అందే చోట ఎందుకుంది అని అడగాలి. పెద్దవాళ్ల చూపు ఎప్పుడో ఒకసారి పక్కకు మళ్లుతుందని ముందే ఒప్పుకుని, ఆ కాసేపటిలో కూడా బిడ్డకు పెద్ద హాని జరగని విధంగా ఇంటిని సర్దుకోవడం మేము చెప్పదలచుకున్నది.

ఈ జాగ్రత్తలు ఏ వయసులో మొదలుపెట్టాలి?

బిడ్డ ఏ విద్య నేర్చుకోబోతోందో దానికి నెల ముందే ఇల్లు సిద్ధమై ఉండాలి. నాలుగో నెల వచ్చేసరికి బోర్లాపడటం మొదలవుతుంది కాబట్టి మంచం మీద ఒంటరిగా పడుకోబెట్టడం అప్పటికే మానుకోవాలి. చుట్టూ దిండ్లు పేర్చితే సరిపోతుందనుకుంటారు గానీ, ముఖానికి దిండు అడ్డం పడితే పసిబిడ్డకు ఊపిరాడదు. నేల మీద పరుపు వేయడమే మేలు. ఎనిమిది, తొమ్మిది నెలలకు దోగాడుతూ బొటనవేలు, చూపుడువేలు కలిపి నేల మీది శనగగింజను ఏరుకోగలుగుతారు, ఏరుకున్నదల్లా నోట్లోకే వెళుతుంది. ఏడాది దాటాక నడక, ఆ తర్వాత కొద్ది నెలలకే కుర్చీలు ఎక్కడం వచ్చేస్తాయి. నిన్న అందని అలమర అర ఈరోజు అందుతుంది.

ఒకసారి మీరే నేలకు మోకాళ్లూ అరచేతులూ ఆనించి, బిడ్డ ఎత్తులో ఇల్లంతా తిరిగి చూడండి. నిలబడినప్పుడు కనబడనివి కనబడతాయి. మంచం కోడు పక్కకు దొర్లిన చింతగింజ, టీవీ వెనక వేలాడే వైరు, టీపాయి అంచు దాటి జారిన గుడ్డ, ఆ గుడ్డ మీదే పెట్టిన వేడి కాఫీ గ్లాసు.

వంటింట్లో, స్నానాల గదిలో బిడ్డ కాలకుండా ఎలా చూసుకోవాలి?

మన ఇళ్లలో పసివాళ్లు మంట వల్ల కన్నా సాంబారు, పాలు, గంజి, స్నానం నీళ్ల వంటి వేడి ద్రవాల వల్లనే ఎక్కువగా కాలుతుంటారు. పిల్లల చర్మం పలుచన. 60 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్న నీళ్లు దాన్ని లోతుగా కాల్చడానికి సుమారు ఒక సెకను చాలు, అదే 50 డిగ్రీల దగ్గరైతే కొన్ని నిమిషాలు పడుతుంది. గీజరును 50 డిగ్రీలకు మించనివ్వకూడదని చెప్పేది ఇందుకే.

వంటగట్టు మీద గిన్నెల కాడలు గోడవైపు తిరిగి ఉండాలి, మరిగేవాటిని వీలైనంతవరకు వెనక పొయ్యి మీదే పెట్టాలి. గిన్నె దించి నేల మీద పెట్టి చల్లారనివ్వడం, నేల మీద కూర్చుని గంజి వార్చడం చాలా ఇళ్లలో ఉన్న అలవాట్లు. తప్పటడుగుల పిల్లలు వెనక్కి వెనక్కి నడుస్తూ అలాంటి గిన్నెలో కూలబడిపోతారు. పెళ్లిళ్లలో, వ్రతాల్లో వంటలు జరిగే చోట నేల మీద వరసగా దించిన గుండిగలతోనూ ఇదే ప్రమాదం ఉంటుంది, కాబట్టి పిల్లలను అటు వెళ్లనివ్వకూడదు. బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని కాఫీ, టీ తాగడం కూడా మానుకోవాలి.

ఇక స్నానాల గది. రాడ్ హీటరు పెట్టిన బకెట్‌లోని నీళ్లు పైకి మామూలు నీళ్లలాగే నిశ్చలంగా కనిపిస్తాయి. బిడ్డకు మాత్రం అది రోజూ చేతులాడించే బకెట్టే. తలుపు తీసి ఉంటే నేరుగా వెళ్లి అంచు పట్టుకుని లేచి నిలబడుతుంది. అప్పుడు బకెట్ ఒరిగి నీళ్లు మీద పడటం, రాడ్ ద్వారా షాక్ కొట్టడం రెండూ జరగవచ్చు. రాడ్ పెట్టినంతసేపూ ఆ గదికి బయట నుంచి గడియ వేసి ఉండాలి, స్విచ్ ఆపి ప్లగ్గు పీకిన తరువాతే నీళ్లు ముట్టుకోవాలి. బకెట్‌లో మొదట చన్నీళ్లు పోసి, ఆపైన వేడినీళ్లు కలిపి, మోచేతితో వేడి చూసుకున్నాకే బిడ్డను తీసుకురావాలి. ముందు వేడినీళ్లు పోసి, చన్నీళ్ల కోసం అటు తిరిగిన కాసేపటిలోనే బిడ్డ చెయ్యి పెట్టేస్తుంది.

ఒకవేళ కాలితే వెంటనే ఏం చేయాలి?

కాలిన చోటును కుళాయి కింద, ధారగా పారే చల్లటి మామూలు నీళ్లలో 20 నిమిషాల పాటు ఉంచాలి. ఇరవై నిమిషాలంటే చాలాసేపు, బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తుంటే రెండు నిమిషాలకే ఆపేయాలనిపిస్తుంది, కానీ ఆపవద్దు. మిగిలిన ఒళ్లు చల్లబడకుండా పొడి గుడ్డ కప్పండి. ఒంటికి అంటుకుపోని బట్టలను, వాపు రాకముందే గాజులు, మురుగులు, ఉంగరాలను తీసేయండి. ఐసు పెట్టవద్దు. టూత్‌పేస్టు, పసుపు, ఇంకు, కాఫీ పొడి, నెయ్యి, గుడ్డు సొన ఏవీ పూయవద్దు. అవి వేడిని లోపలే పట్టి ఉంచుతాయి, గాయం చీము పట్టేందుకు దారి తీస్తాయి, డాక్టరు గాయం లోతు చూడాలంటే ముందు వాటిని గోకి తీయవలసి వస్తుంది. బొబ్బలు చిదపకుండా, ఉతికిన నూలు గుడ్డ వదులుగా కప్పి తీసుకెళ్లండి. గాయం బిడ్డ అరచేతి కంటే పెద్దదైనా, ముఖం, చేతులు, పాదాలు, మర్మాంగాలు, కీళ్ల దగ్గర కాలినా, కరెంటు వల్లనో యాసిడ్ వల్లనో అయినా, బిడ్డకు ఏడాది నిండకపోయినా ఆసుపత్రికి తప్పనిసరిగా తీసుకెళ్లాలి.

బకెట్ నీళ్లలో బిడ్డ మునిగిపోతుందా?

మునిగిపోతుంది. పసివాళ్ల శరీరంలో తల బరువు పాలు ఎక్కువ. బకెట్‌లోకి తొంగిచూసి తలకిందులుగా పడితే తిరిగి పైకి లేచే బలం వాళ్ల చేతులకు ఉండదు, నిండా నీళ్లున్న బరువైన బకెట్ అంత సులువుగా ఒరగదు కూడా. ముక్కూ నోరూ మునగడానికి 5 సెంటీమీటర్ల లోతు చాలు. అన్నిటికన్నా ముఖ్యంగా తెలుసుకోవలసిన సంగతి, మునిగేటప్పుడు శబ్దం ఉండదు. అరుపు వినబడితే పరుగెత్తుదామనుకునే అమ్మానాన్నలకు అరుపు వినబడదు.

నల్లా ఎప్పుడు వస్తుందో తెలియని ఊళ్లలో నీళ్లు పట్టి ఉంచుకోవద్దని చెప్పడం అన్యాయమే. పట్టిన ప్రతి పాత్రకూ బిగువైన మూత ఉండాలని మాత్రం చెప్పగలం. డ్రమ్ములకు మూత, స్నానాల గది తలుపుకు బిడ్డకు అందని ఎత్తులో గడియ, వాడేసిన బకెట్‌ను బోర్లించడం అనే మూడు అలవాట్లకు పెద్ద ఖర్చేమీ లేదు. సంపు విషయంలో ఇంకాస్త గట్టిగా ఉండాలి. మూత ఇనుపదై, తాళం వేసి ఉండాలి. ట్యాంకరు వచ్చినప్పుడో మోటారు చూసేటప్పుడో మూత తీసి "ఇప్పుడే వస్తా"నని లోపలికి వెళ్లడం చాలా ప్రమాదం. సగం విరిగిన మూత మీద ప్లైవుడ్ ముక్క కప్పడం అసలు మూత లేకపోవడం కన్నా చెడ్డది, ఎందుకంటే అది గట్టి నేలలా కనిపిస్తుంది.

డాబా, బాల్కనీ, మెట్ల దగ్గర ఏం చూసుకోవాలి?

బాల్కనీ కమ్మీల మధ్య సందు 10 సెంటీమీటర్లకు మించకూడదు, అంతకు మించితే ముందు ఒళ్లు దూరి తల ఇరుక్కుంటుంది. అడ్డ కమ్మీలైతే పిల్లలకు నిచ్చెనలా పనికొస్తాయి కాబట్టి వాటికి వల గానీ రేకు గానీ కట్టించాలి. పిట్టగోడ పక్కన కుర్చీ, కూలరు, పూలకుండీ, వాడని కుట్టుమిషను ఏదీ ఉండకూడదు. కిటికీ పక్కన మంచం వేయడం కూడా ఇలాంటిదే. మెట్లకు పైన, కింద రెండు చోట్లా గేటు కావాలి. కిటికీకి బిగించిన దోమతెర గట్టిగా ఉన్నట్టు కనిపించినా, ఆనుకున్న బిడ్డ బరువును ఆపదు.

బిడ్డ తల నేలకు కొట్టుకుంది. ఆసుపత్రికి ఎప్పుడు తీసుకెళ్లాలి?

పడగానే ఏడ్చి, కాసేపటికి ఊరుకుని, మామూలుగా ఆడుకుంటుంటే ఇంట్లోనే ఒక రోజంతా గమనించవచ్చు. కొద్దిసేపైనా స్పృహ తప్పినా, మళ్లీమళ్లీ వాంతులైనా, లేపినా లేవనంత మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, ముక్కు నుంచో చెవి నుంచో రక్తం గానీ నీరు లాంటిది గానీ కారినా, నెత్తి మీద మెత్తగా బుడిపె కట్టినా, పసిబిడ్డ మాడు ఉబ్బినా ఆలస్యం చేయకూడదు. ఏడాది లోపు పిల్లలు తమ ఎత్తుకు మించిన ఎత్తు నుంచి పడితే, ఏ లక్షణమూ లేకపోయినా డాక్టరుకు చూపించడం మంచిది.

నడక త్వరగా వస్తుందని వాకరు కొందామనుకుంటున్నాము. కొనవచ్చా?

వద్దు. వాకరు వల్ల నడక త్వరగా రాదు. అందులో కూర్చున్న బిడ్డ పెద్దవాళ్లు అందుకోలేనంత వేగంగా మెట్ల దాకా, పొయ్యి దాకా దూసుకుపోతుంది. కెనడా 2004లో వీటి అమ్మకాన్నే నిషేధించింది. పాతకాలపు మూడు చక్రాల చెక్కబండిని తోసుకుంటూ నడవడం వేరు, దానికి బిడ్డ తన కాళ్ల మీద తాను నిలబడాలి.

చీర ఉయ్యాల మంచిదేనా?

తరతరాలుగా వాడుతున్నదాన్ని పూర్తిగా కాదనలేము. పసికందుకు మాత్రం మెడ వంగి గడ్డం ఛాతీకి ఆనే భంగిమ మంచిది కాదు, కాబట్టి రాత్రంతా అందులో ఉంచకుండా, నిద్రపోగానే నేల మీది పరుపు మీదకు వెల్లకిలా మార్చడం మేలు. కొక్కేన్ని, ముడిని వారం వారం చూసుకోవాలి. అసలు ప్రమాదం బిడ్డ దిగిపోయాక మొదలవుతుంది. ఖాళీగా వేలాడుతున్న చీరలో అయిదారేళ్ల అక్కో అన్నో గిరగిర తిరుగుతూ ఆడుకుంటే, అది మెడకు మెలిపడి ఊపిరి ఆగిపోతుంది. వాడనప్పుడు చీర విప్పేయాలి, కనీసం పైకి ఎగగట్టాలి.

గొంతులో ఏదైనా అడ్డుపడితే ఎలా?

అడ్డుపడకుండా చూసుకోవడం ముందు మాట. వేరుశనగ పలుకులు, పుట్నాలు, పల్లీ పట్టి వంటివి అయిదేళ్లు నిండేవరకు పొడి చేసో ముద్దగానో పెట్టాలే తప్ప పలుకులుగా ఇవ్వకూడదు. ద్రాక్షపండును నిలువుగా నాలుగు చీలికలు చేయాలి. సీతాఫలం, రేగుపండు గింజలు తీసే ఇవ్వాలి. పరుగెడుతున్న బిడ్డ వెనకాల తిరుగుతూ ముద్దలు కుక్కడం మనవాళ్లకు ముద్దుగా ఉంటుంది గానీ, బిడ్డ కూర్చుని తినడమే క్షేమం.

గట్టిగా దగ్గగలుగుతుంటే దగ్గనివ్వండి, ఆ దగ్గే దాన్ని బయటకు తోస్తుంది. దగ్గు, ఏడుపు, మాట ఏదీ రాకుండా ముఖం నీలంగా మారుతుంటే ఒక్క క్షణం కూడా ఆగకూడదు. ఏడాది లోపు బిడ్డను తల కిందికి ఉండేలా మీ ముంజేతి మీద బోర్లా పెట్టి, రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో, అంటే మణికట్టు దగ్గరి భాగంతో, అయిదు సార్లు చరవండి. రాకపోతే వెల్లకిలా తిప్పి, ఛాతీ మధ్య ఎముక కింది సగం మీద రెండు వేళ్లతో అయిదు సార్లు నొక్కండి. ఏడాది దాటిన పిల్లలకైతే వీపు మీద అయిదు చరుపుల తరువాత, వెనక నుంచి పట్టుకుని బొడ్డుకూ రొమ్ము ఎముకకూ మధ్య పిడికిలి పెట్టి లోపలికీ పైకీ అయిదు సార్లు నొక్కాలి. వస్తువు బయటపడేవరకు, లేదా బిడ్డ స్పృహ తప్పేవరకు, ఈ రెండూ మార్చి మార్చి చేస్తూ ఉండాలి. స్పృహ తప్పితే గట్టి నేల మీద పడుకోబెట్టి నోటితో శ్వాస ఇస్తూ ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. ఈలోగా పక్కన ఉన్నవారు 108కి ఫోన్ చేయాలి. కంటికి కనిపించని వస్తువు కోసం గొంతులో వేలు పెట్టి కెలికితే అది ఇంకా లోపలికి పోతుంది.

ముక్కులో గింజ పెట్టుకుంటే తీయవచ్చా?

పిన్నీసుతో, చెవిపుల్లతో ప్రయత్నించవద్దు. ఈ జవాబు రాస్తున్న మనిషి ఇంట్లోనే ఒక సాయంత్రం చింతగింజతో ఈ ముచ్చట జరిగింది. పెద్దవాళ్లు తలా ఒక ప్రయత్నం చేసి దాన్ని ఇంకా పైకి నెట్టారు, చివరకు చెవి ముక్కు గొంతు డాక్టరు అరనిమిషంలో తీశారు. గింజలు తేమకు ఉబ్బుతాయి కాబట్టి తెల్లవారేదాకా ఆగకూడదు.

బటన్ బ్యాటరీ గురించి ఎందుకంతగా హెచ్చరిస్తున్నారు?

నాణెం మింగితే చాలాసార్లు దానంతటదే బయటకు వస్తుంది. సుమారు రూపాయి బిళ్లంత ఉండే లిథియం బ్యాటరీ మాత్రం అన్నవాహికలో ఇరుక్కుంటే, అక్కడి తడిలో దాని కరెంటు వల్ల క్షారం పుట్టి, రెండు గంటల్లోనే కణజాలాన్ని కాల్చేయడం మొదలుపెడుతుంది. చిన్న రిమోట్లు, పాటలు పాడే బొమ్మలు, బరువు చూసే యంత్రాలు, పండుగకు కొనే బ్యాటరీ దీపాల్లో ఇవి ఉంటాయి, వాటి మూతలు స్క్రూతో బిగించినవై ఉండాలి. మింగిందని అనుమానం ఉన్నా చాలు, ఎక్స్‌రే ఉన్న పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి. వాంతి చేయించవద్దు. బిడ్డకు ఏడాది దాటి, మింగి 12 గంటలు మించకపోయి ఉంటే, దారిలో పది నిమిషాలకొకసారి రెండు చిన్న చెంచాల తేనె, ఆరు సార్లకు మించకుండా ఇవ్వవచ్చు. ఏడాది లోపు పిల్లలకు తేనె ఇవ్వకూడదు. తేనె కోసం వెతుకుతూ ప్రయాణం ఆలస్యం చేయకూడదు.

ఇంట్లో పిల్లలకు విషమయ్యేవి ఏవి?

మనం విషమని అనుకోనివే ఎక్కువ. దేవుడి గూట్లోని కర్పూరం బిళ్ల మింగితే కాసేపట్లోనే ఫిట్స్ రావచ్చు. బీరువాలోని కలరా ఉండలు, జి6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే లోపించిన పిల్లల్లో ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలు ఎర్రగా చాక్లెట్ గోలీల్లా కనిపిస్తాయి, ఎక్కువ మింగితే ప్రాణాంతకం. అమ్మమ్మ షుగరు మాత్ర, తాతయ్య బీపీ మాత్ర ఒకటి రెండు కూడా పసివాళ్లకు ఎక్కువే. ఎలుకల మందు పేస్టుల్లో కొన్నిటిలో పసుపు రంగు భాస్వరం (యెల్లో ఫాస్ఫరస్) ఉంటుంది. అది తిన్న బిడ్డ మొదటి ఒకటి రెండు రోజులు బాగానే ఉన్నట్టు కనిపించి, ఆ తరువాత కాలేయం దెబ్బతింటుంది, కాబట్టి "ఏమీ కాలేదు కదా" అని ఊరుకోకూడదు. పెరట్లో పచ్చగన్నేరు కాయలు, ఉమ్మెత్త కాయలు, ఆముదం, నేపాళం గింజలు ఉంటాయి. పిల్లలు గుంపుగా ఆడుకుంటూ నేపాళం గింజలను పల్లీలనుకుని తిని, అందరూ ఒకేసారి వాంతులతో ఆసుపత్రి పాలవడం పల్లెల్లో కొత్త కాదు.

అన్నిటికంటే చెడ్డ అలవాటు కిరసనాయిలు, ఫినాయిలు, యాసిడ్, పురుగుమందు వంటివాటిని మంచినీళ్ల సీసాలో, కూల్‌డ్రింకు సీసాలో పోసి పెట్టడం. దాహమైన బిడ్డ సీసా ఆకారాన్ని చూస్తుంది, పైన రాసినది చదవలేదు.

అమెరికాలో 1970 నాటి చట్టం తరువాత పిల్లలు తెరవలేని మూతలతో మందుల సీసాలు రావడం మొదలైంది. అక్కడ ఉంటున్న కొడుకుల, కూతుళ్ల ఇళ్లకు మన అమ్మానాన్నలు మాత్రం ఆరు నెలలకు సరిపడా మాత్రలను స్ట్రిప్పుల్లోనూ, వారాల డబ్బాల్లోనూ తీసుకెళ్లి దిండు పక్కన పెట్టుకుంటారు. సూట్‌కేసు విప్పిన రోజే ఆ మాత్రలకు పై అరలో చోటు చూపించాలి. అక్కడి విష సమాచార కేంద్రం నంబరు 1-800-222-1222.

ఏదో తాగేసిందని తెలిస్తే?

వాంతి చేయించవద్దు. ఉప్పునీళ్లు, చింతపండు పులుసు తాగించడం, గొంతులో వేలు పెట్టడం మన దగ్గర ఇంకా ఉన్నాయి. కిరసనాయిలు వాంతిలో ఊపిరితిత్తుల్లోకి పోతుంది, యాసిడ్ పైకి వస్తూ గొంతును రెండోసారి కాలుస్తుంది, ఉప్పునీళ్లు తామే విషమవుతాయి. నోరు తుడిచి, పురుగుమందు ఒంటి మీద పడితే బట్టలు విప్పి సబ్బుతో కడిగి, ఆ సీసానో డబ్బానో వెంట తీసుకుని బయలుదేరండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రానికి 1800 116 117 నంబరులో ఫోన్ చేసి సలహా అడగవచ్చు.

కరెంటు విషయంలో ఏం చేయించాలి?

ఎలక్ట్రీషియన్‌ను పిలిచి కరెంటు లీకైన వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టించండి. లోడు ఎక్కువైతే పడిపోయే మామూలు ఎంసీబీ స్విచ్ వైర్లను కాపాడుతుందే గానీ షాక్ నుంచి మనిషిని కాపాడదు. నేలకు దగ్గరగా ఉన్న సాకెట్లకు మూతలు పెట్టాలి. ఇనుప కూలరుకు ఎర్తింగ్ ఉండాలి, ప్లగ్గు తీశాకే నీళ్లు పోయాలి. ఫోన్ తీసేసి ఛార్జరును అలాగే వేలాడదీస్తే ఆ కొన బిడ్డ నోట్లోకి వెళుతుంది. బట్టలారేసే దండేనికి ఇనుప తీగ బదులు ప్లాస్టిక్ తాడు కట్టండి.

పసిబిడ్డకు సాంబ్రాణి పొగ, ముక్కులో నూనె చుక్కలు మంచివేనా?

రెండూ మానుకోవాలి. నూనె ఊపిరితిత్తుల్లోకి జారి నిమోనియా తెస్తుంది. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెడితే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిండి బాలింతకూ బిడ్డకూ ప్రాణాపాయం కలుగుతుంది. పెద్దవాళ్లను నొప్పించకుండా ఎలా చెప్పాలన్నది వేరే ప్రశ్న. డాక్టరు చేత చెప్పించడం సాధారణంగా పనిచేస్తుంది.

పండుగ రోజుల్లో?

కాకరపువ్వొత్తి ఆరిపోయాక కూడా దాని తీగ చాలాసేపు ఎర్రగా కాలి ఉంటుంది, చెప్పులు లేని చిన్న పాదం దాని మీదే పడుతుంది. కాలిన తీగలను నీళ్ల బకెట్‌లో వేయాలి, పండుగ ముగిశాక ఆ బకెట్‌ను పారబోయడం మరవకూడదు. సంక్రాంతికి పిట్టగోడ సరిగా లేని డాబా మీదికి పిల్లలను ఎక్కించవద్దు. గాజుపొడి పూసిన మాంజాను, నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది, ఇంట్లోకి రానివ్వవద్దు.

సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు ఏం చూసుకోవాలి?

మన ఇల్లు ఎంత సర్దుకున్నా అమ్మమ్మగారి ఇల్లు పసివాళ్ల కోసం సర్దినది కాదు. వెళ్లగానే బ్యాగులు దించి, కాఫీకి ముందే పావుగంట తిరిగి చూడండి. పశువుల కుడితి తొట్టికి, బావికి కప్పు ఉందా, చూరులోనో గాదె పక్కనో పురుగుమందు డబ్బా ఉందా, కట్టెల పొయ్యి నేల మీదే ఉందా, మాత్రలు ఎక్కడ పెడుతున్నారు అన్నవి చూడాలి. పొలానికి వెళితే వదిలేసిన బోరుబావుల గురించి అడగండి. వాటిని మూసివేయాలని 2010లో సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చినా, గోనెసంచి కప్పి వదిలేసినవి ఇంకా కనిపిస్తాయి. ఇవన్నీ అడిగితే "నిన్ను ఇక్కడే పెంచలేదూ?" అని పెద్దవాళ్లు నొచ్చుకోవచ్చు. తప్పు పట్టినట్టు కాకుండా "అమ్మా, వీడు ఇప్పుడు అన్నీ నోట్లో పెట్టుకుంటున్నాడు, నీ మాత్రలు ఈ వారం రోజులూ అటక మీద పెడదామా?" అని అడిగితే, చాలాసార్లు ఆవిడే లేచి స్టూలు తెస్తుంది. మాత్రలు పెట్టడం అయ్యాక ఆ స్టూలును కూడా లోపల పెట్టించండి.